రాతినార కలిసిన కంకర: నిర్మాణ పనుల్లో వినియోగంపై నియంత్రణ – కాలిఫోర్నియా, అలాస్కా రాష్ట్రాల అనుభవం

(ప్రత్యేక వ్యాసం)

ఆస్‌బెస్టాస్ అనగానే తెలుగునాట ఎవరికైనా ముందుగా స్ఫురించేది ఇంటి పైకప్పు రేకు. కర్మాగారంలో సిమెంటుతో కలిపి తయారుచేసిన వస్తువుగానే అది ప్రజలకు పరిచయం. అయితే ఆస్‌బెస్టాస్ మానవ సృష్టి కాదు. అది భూగర్భంలో సహజంగా ఏర్పడే పీచు ఖనిజం. తెలుగులో దీనికి రాతినార అని చక్కని పేరు ఉంది. గని నుండి తీసి, శుద్ధి చేసి, వస్తువుల తయారీకి వాడే రాతినారపై అనేక దేశాలు నిషేధం విధించాయి. కాని ఎవరూ కోరకుండానే, రోడ్డుకు పరిచే కంకరలోనే ఆ నార కలిసి ఉన్నప్పుడు ఏ నిబంధన వర్తిస్తుందన్నది వేరొక ప్రశ్న.

ఈ ప్రశ్నకు చట్టరూపంలో సమాధానం చెప్పిన ప్రభుత్వాలు అరుదు. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో కాలిఫోర్నియా 1990లోను, అలాస్కా 2012లోను ఇందుకు పూనుకున్నాయి. కాలిఫోర్నియాలో మరొక క్వారీ నుండి మంచి కంకర తెచ్చుకునే వీలుంది కనుక నిషేధం సాధ్యమైంది. అలాస్కాలోని మారుమూల పల్లెకు ఆ వీలు లేదు. అందుచేత అక్కడి శాసనసభ నిషేధానికి బదులు షరతులతో కూడిన అనుమతి అనే మార్గాన్ని ఎంచుకుంది. ఏది సరైనదన్న చర్చ నేటికీ ముగియలేదు.

ఈ విషయంలో అమెరికా ఫెడరల్ ప్రభుత్వ నిబంధనలు పెద్దగా అక్కరకు రావు. అక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థ 2024 మార్చిలో క్రైసోటైల్ రకం ఆస్‌బెస్టాస్‌పై విధించిన నిషేధం దిగుమతులకు, పారిశ్రామిక వినియోగానికి సంబంధించినది. కొండలో సహజంగా ఉన్న నారకు అది వర్తించదు. భవనాల కూల్చివేత వంటి పనులకు వర్తించే వాయు కాలుష్య నిబంధనలలో ఒక శాతానికి మించి ఆస్‌బెస్టాస్ ఉన్న పదార్థాన్నే ఆస్‌బెస్టాస్ కలిగిన పదార్థంగా లెక్కిస్తారు. ఆ కొలత తయారీ వస్తువుల కోసం ఏర్పడినది. కంకర సంగతి రాష్ట్రాలే చూసుకోవలసి వచ్చింది.

నార స్వభావం

ఆస్‌బెస్టాస్ అనేది ఒకే ఖనిజం పేరు కాదు. చట్టపరంగా ఆరు ఖనిజాలను ఈ పేరుతో వ్యవహరిస్తారు. సర్పెంటైన్ వర్గానికి చెందిన క్రైసోటైల్ ఒకటి కాగా, ఆంఫిబోల్ వర్గానికి చెందిన క్రోసిడొలైట్, అమోసైట్, ట్రెమొలైట్, ఆక్టినొలైట్, ఆంథోఫిలైట్ మిగిలిన ఐదు. ఇవి పగిలినప్పుడు పొడవునా చీలిపోతాయి. చీలినకొద్దీ పోగు సన్నబడుతుందే గాని దాని గుణం మారదు. కంటికి కనిపించనంత సన్నని పోగు గాలిలో గంటల తరబడి తేలి ఉంటుంది. శ్వాసతో లోనికి వెళ్లినది ఊపిరితిత్తులలో దీర్ఘకాలం నిలిచిపోతుంది. ఆస్‌బెస్టోసిస్, ఊపిరితిత్తుల క్యాన్సర్, ఊపిరితిత్తుల పైపొరకు వచ్చే మీసోథీలియోమా అనే క్యాన్సర్ దీనివల్ల కలిగే ప్రధాన వ్యాధులు. పీచు లోనికి చేరిన నాటికి, వ్యాధి బయటపడే నాటికి మధ్య సాధారణంగా 20 నుండి 40 సంవత్సరాలు, కొన్ని సందర్భాలలో అంతకు మించిన వ్యవధి ఉంటుంది. ఇంతకంటే తక్కువైతే ప్రమాదం లేదని చెప్పదగిన సురక్షిత పరిమాణం ఏదీ గుర్తించబడలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టం చేసింది.

కొండలో కదలకుండా ఉన్న రాయి ఎవరికీ హాని చేయదు. తారులోను, కాంక్రీటులోను బిగిసిపోయిన కంకర కూడా అది పగిలేవరకు దాదాపు అంతే. చిక్కంతా పైపూత లేని కంకర రోడ్డుతోనే. దానిపై నడిచే ప్రతి చక్రం తిరగలి రాయి వలె పనిచేస్తుంది. నిన్న రాయిగా ఉన్నది నేడు ఇసుకగా, రేపు ధూళిగా మారుతుంది. క్వారీలో పరీక్షించిన నాటి రాయి వేరు, ఐదేళ్ల వాహనాల రాకపోకలకు నలిగిన నాటి దుమ్ము వేరు. నియంత్రణ గురించి ఆలోచించే వారు మరువరాని విషయం ఇది.

కాలిఫోర్నియా: ఐదు శాతం నుండి పావు శాతానికి

సర్పెంటైన్‌ను కాలిఫోర్నియా 1965లో తన రాష్ట్ర శిలగా ప్రకటించుకుంది. పచ్చగా, నునుపుగా మెరిసే ఈ రాయి ఆ రాష్ట్రంలోని అనేక కౌంటీలలో విస్తారంగా లభిస్తుంది. సర్పెంటైన్ అంతా ఆస్‌బెస్టాస్ కాదు. కాని క్రైసోటైల్ నార తరచుగా కనిపించేది ఈ రాతి పొరల నడుమనే. రాష్ట్ర శిల హోదా నుండి దీనిని తొలగించాలని 2010లో శాసనసభలో ఒక ప్రయత్నం జరిగింది. భూగర్భ శాస్త్రవేత్తలు వ్యతిరేకించడంతో అది నెరవేరలేదు. రాయిని నిందించడం వల్ల ప్రయోజనం లేదన్నది వారి వాదన. ఆ మేరకు అది సబబే.

చవకగా, చేరువలో దొరకడం వల్ల సర్పెంటైన్ కంకరను గ్రామీణ రోడ్లకు, ఇళ్ల ముందటి దారులకు, వాహనాలు నిలిపే స్థలాలకు దశాబ్దాలపాటు వాడారు. 1990లో రాష్ట్ర వాయు వనరుల మండలి తొలిసారిగా దీనిపై ఆంక్ష విధించింది. ఐదు శాతానికి మించి ఆస్‌బెస్టాస్ ఉన్న సర్పెంటైన్‌ను రోడ్ల ఉపరితలంపై పరచరాదని నిర్దేశించింది. పదేళ్ల అనుభవంలో ఆ పరిమితి ఏ మాత్రం చాలదని తేలింది. 2000 సంవత్సరంలో మండలి దానిని 0.25 శాతానికి కుదించింది. సర్పెంటైన్‌తో పాటు ఇతర అల్ట్రామాఫిక్ శిలలను కూడా నిబంధన పరిధిలోకి తెచ్చింది. అమ్మకందారు పరీక్ష జరిపించి, కొనుగోలుదారుకు లిఖితపూర్వక రశీదు ఇవ్వడం తప్పనిసరి అయింది. పరీక్షించని రాయిని ఉపరితల పనులకు గాక ఇతర అవసరాలకు అమ్మినప్పుడు, అందులో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చునన్న హెచ్చరిక ఆ రశీదుపై ఉండాలి. తారు, కాంక్రీటులలో కలిపే కంకరకు మినహాయింపు ఇచ్చారు.

మరుసటి ఏడాది, 2001లో, మండలి నిర్మాణ పనులపై దృష్టి సారించింది. ఇటువంటి శిలలు ఉన్న ప్రాంతంలో ఒక ఎకరానికి మించిన స్థలంలో తవ్వకం, చదును పనులు చేపట్టేవారు ముందుగా ధూళి నివారణ ప్రణాళికను సమర్పించి స్థానిక వాయు నియంత్రణ అధికారుల ఆమోదం పొందాలి. చిన్న పనులకు ప్రణాళిక అవసరం లేకున్నా జాగ్రత్తలు తప్పవు. పని స్థలంలో వాహనాల వేగం గంటకు 15 మైళ్లు, అంటే దాదాపు 24 కిలోమీటర్లు మించరాదు. తవ్వేముందు నేలను తడపాలి. మట్టి కుప్పలను తడిపి ఉంచాలి లేదా కప్పి ఉంచాలి. బయటి రోడ్డుపైకి చక్రాలతో మట్టి చేరకుండా చూడాలి. పెద్ద పనుల విషయంలో, పని ముగిశాక బయటపడి ఉన్న నేలను అలాగే వదిలివేయడానికి వీల్లేదు. పచ్చదనం పెంచడం గాని, తారు వేయడం గాని, కనీసం మూడు అంగుళాల మందాన నార లేని మట్టితో కప్పడం గాని చేయాలి. ఇందులో అర్థం కాని సాంకేతికత ఏదీ లేదు. నీళ్ల ట్యాంకరు, టార్పాలిను, ఓపిక గల పర్యవేక్షకుడు ఉంటే చాలు. ఆ మూడవదే కొరత.

పావు శాతం అంకె వెనుక సంగతి

0.25 శాతం అన్న అంకెను చూసినవారికి అది వైద్యులు నిర్ణయించిన సురక్షిత పరిమితి అనిపించడం సహజం. వాస్తవం అది కాదు. కాలిఫోర్నియా అనుసరించే 435వ నంబరు పరీక్షా పద్ధతిలో రాతి నమూనాను పొడి చేసి, ధ్రువీకృత కాంతి సూక్ష్మదర్శిని కింద 400 కణాలను లెక్కిస్తారు. ఆ 400లో ఒకే ఒక్కటి ఆస్‌బెస్టాస్ అని తేలితే అది 0.25 శాతం. అంటే ఈ పద్ధతిలో లెక్కకు అందే కనిష్ఠ సంఖ్యే చట్టంలో పరిమితి అయింది. అంతకంటే తక్కువ ఉన్నదా, అసలే లేదా అన్నది ఈ పరీక్ష చెప్పలేదు. కాంతి సూక్ష్మదర్శినికి అందనంత సన్నని పోగులను చూడాలంటే ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కావాలి. దాని ఖర్చు ఎక్కువ.

ఇక్కడ చిన్న లెక్క వేసి చూడడం అవసరం. నార 0.25 శాతం ఉన్న కంకర పది టన్నుల టిప్పరు లోడు దించితే, అందులో 25 కిలోల ఆస్‌బెస్టాస్ ఉన్నట్లు. కొలమానంలో అది పావు శాతమే. ఇంటి ముందు పోసినప్పుడు పాతిక కిలోలు. అందులో ఎంత గాలిలోకి లేస్తుందన్నది రాతి శాతంపై మాత్రమే ఆధారపడదు. నేల తడిగా ఉందా, వాహనం ఎంత వేగంతో పోతోంది, పిల్లలు ఎక్కడ ఆడుకుంటున్నారు అన్నవాటిపై కూడా ఆధారపడుతుంది.

కాలిఫోర్నియాలోని ఎల్‌డొరాడో కౌంటీ ఇందుకు నిదర్శనం. అక్కడి గార్డెన్ వ్యాలీలో సర్పెంటైన్ పరచిన ఒక రోడ్డుపై వాహనాలను నడిపించి, పక్కన గాలిని పరీక్షించిన రాష్ట్ర విషపదార్థాల నియంత్రణ శాఖ తన నివేదికను 2005లో వెలువరించింది. వాహనం పోయినప్పుడు నార గాలిలోకి లేచినట్లు, రోడ్డు ఉపరితలాన్ని మార్చిన తరువాత అది బాగా తగ్గినట్లు ఆ పరీక్షలు తెలిపాయి. అదే కౌంటీలోని ఎల్‌డొరాడో హిల్స్‌లో ఒక ఉన్నత పాఠశాల ఆటస్థలం కోసం నేల తవ్వుతుండగా 2002లో ఆస్‌బెస్టాస్ పొర బయటపడింది. 2004లో పర్యావరణ పరిరక్షణ సంస్థ నిపుణులు అక్కడి ఉద్యానవనంలో, ఆటస్థలాలలో పిల్లల ఆటపాటలను అనుకరిస్తూ, శ్వాస ఎత్తులో గాలి నమూనాలు సేకరించారు. కూర్చొని పరికరంతో గాలిని పరీక్షించడం వేరు, బంతి వెంట పరుగెత్తుతూ పరీక్షించడం వేరు. ఆటల సమయంలో లేచిన పీచు సాధారణ గాలిలో ఉన్నదానికంటే గణనీయంగా ఎక్కువని ఫలితాలు తెలిపాయి. రాతి, కంకర పరిశ్రమ తరఫు నిపుణులు దీనితో ఏకీభవించలేదు. కనిపించినవి నిజమైన నార పోగులు కావని, సూది ఆకారంలో విరిగిన సాధారణ రాతి ముక్కలని వాదించారు. పర్యావరణ పరిరక్షణ సంస్థ ఆ వాదనను తిరస్కరించింది.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ రాష్ట్రంలోని మీసోథీలియోమా రోగుల నివాసాలను పరిశీలించి 2005లో మరొక విషయం వెల్లడించారు. అల్ట్రామాఫిక్ శిలలున్న చోటు నుండి ప్రతి పది కిలోమీటర్ల దూరానికి వ్యాధి సంభావ్యత 6.3 శాతం చొప్పున తగ్గినట్లు వారు లెక్కగట్టారు. వృత్తిరీత్యా ఆస్‌బెస్టాస్‌తో పనిచేసిన వారి ప్రభావాన్ని పరిగణనలోకి తీసుకున్న తరువాత తేలిన అంకె ఇది.

జాబితాలో లేని నార

ఆరు ఖనిజాల జాబితా కూడా సంపూర్ణం కాదు. మోంటానా రాష్ట్రంలోని లిబ్బీ పట్టణంలో వర్మిక్యులైట్ గని వల్ల వందలాది మంది మరణించగా, 2009లో ఫెడరల్ ప్రభుత్వం అక్కడ ప్రజారోగ్య అత్యవసర పరిస్థితిని ప్రకటించింది. అక్కడి నారలో అధిక భాగం వించైట్, రిక్టరైట్ అనే ఖనిజాలు. ఆ పేర్లు జాబితాలో లేవు. నార్త్ డకోటా రాష్ట్రంలోని డన్ కౌంటీలో 300 మైళ్లకు పైగా రోడ్లకు పరచిన కంకరలో ఎరియొనైట్ అనే పీచు ఖనిజం ఉన్నట్లు 2011లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది. టర్కీలోని కప్పడోకియా గ్రామాలలో మీసోథీలియోమా విజృంభణకు కారణమైనది ఈ ఎరియొనైటే. చట్టం ఖనిజం పేరును చూస్తుంది. ఊపిరితిత్తి మాత్రం పోగు పొడవును, సన్నదనాన్ని, మన్నికను చూస్తుంది.

ఆంబ్లర్ గ్రామం: వేరే కంకర లేని చోట

అలాస్కా వాయవ్య ప్రాంతంలో, ఉత్తర ధ్రువ వృత్తానికి ఎగువన, కోబుక్ నదీ తీరాన ఆంబ్లర్ అనే చిన్న గ్రామం ఉంది. 1958లో ఎగువ పల్లెల నుండి తరలివచ్చిన ఇనుపియాట్ ఆదివాసీ కుటుంబాలు దీనిని ఏర్పరచుకున్నాయి. జనాభా మూడు వందల లోపు. బయటి ప్రపంచంతో కలిపే రోడ్డు లేదు. మనుషులు విమానంలో రావాలి. బరువైన సామగ్రి మంచు కరిగిన కొద్ది నెలలలో నది మీదుగా రావాలి.

ఇటువంటి చోట కంకర విలువ మైదాన ప్రాంత వాసులకు వెంటనే బోధపడదు. అక్కడి నేల అడుగున చాలా చోట్ల ఏడాది పొడవునా గడ్డకట్టి ఉండే పొర ఉంటుంది. ఇల్లు గాని, రోడ్డు గాని, విమానాల రన్‌వే గాని నేరుగా నేలపై కడితే, ఆ వేడికి మంచు కరిగి నేల కుంగిపోతుంది. కనుక ముందుగా మందంగా కంకర పరచి, దానిపైనే నిర్మాణం చేపట్టాలి. కంకర లేకుంటే పాఠశాల లేదు, విమానం దిగదు, మురుగు పైపు వేయడానికి వీలుండదు.

ఆ కంకరలోనే ఆస్‌బెస్టాస్ ఉన్నట్లు 2000 దశకం తొలి సంవత్సరాలలో తేలింది. ఈ ప్రాంతపు కొండలలో నార ఉన్న సంగతి కొత్తది కాదు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో ఎగువ కోబుక్ ప్రాంతంలో కొద్దిపాటి తవ్వకాలు కూడా జరిగాయి. ఆంబ్లర్‌కు చేరువలోని జేడ్ కొండ పచ్చరాయికి ప్రసిద్ధి. ఆ జేడ్‌ను 1968లో అలాస్కా తన రాష్ట్ర రత్నంగా ప్రకటించింది. నెఫ్రైట్ జేడ్ అన్నది ట్రెమొలైట్, ఆక్టినొలైట్ ఖనిజాలు గట్టిగా పెనవేసుకున్న రూపమే. అదే ఖనిజం వదులైన పీచుగా ఏర్పడితే ప్రాణాంతకం. ఒకే కొండ ప్రాంతం నగగాను, విషంగాను పంచిపెట్టిందన్న మాట.

విషయం బయటపడిన తరువాత ఊరి క్వారీ మూతపడింది. దానితో పాటు విమానాశ్రయం, నీరు, మురుగు పారుదల వంటి ప్రజా పనులు నిలిచిపోయాయి. నార ఉన్న కంకర వాడితే రేపు ఎవరైనా దావా వేయవచ్చునన్న భయంతో గుత్తేదారులు గాని, భూమి యజమానులు గాని, ప్రభుత్వ శాఖలు గాని ముందుకు రాలేదు. బయటి నుండి కంకర తెప్పించాలంటే నదిపై పడవలలో తేవాలి. ఆ ఖర్చు భరించగల స్థితిలో ఊరు లేదు. ఆరోగ్యం పేరిట పని ఆపితే మురుగు వ్యవస్థ లేక అనారోగ్యం. పని చేస్తే దుమ్ముతో అనారోగ్యం. ఈ సందిగ్ధంలో ఏళ్లు గడిచాయి.

2012 చట్టం

ఈ ప్రాంతానికి శాసనసభలో ప్రాతినిధ్యం వహించిన రెగ్గీ జూల్ ప్రతిపాదించిన 258వ నంబరు బిల్లు 2012లో చట్టమైంది. కాలిఫోర్నియా వలెనే 0.25 శాతాన్ని గీటురాయిగా తీసుకున్నా, ఆ గీత దాటిన కంకరను ఈ చట్టం పూర్తిగా నిషేధించలేదు. నార లేని కంకర అందుబాటు ధరలో లభించని చోట, రాష్ట్ర రవాణా, ప్రజా సౌకర్యాల శాఖ ఆమోదించిన స్థల ప్రణాళిక ప్రకారం వాడుకునేందుకు అనుమతించింది. కంకర ఎక్కడ, ఎలా వాడేది, దుమ్ము లేవకుండా ఏమి చేసేది, పర్యవేక్షణ ఎలా జరిగేది ఆ ప్రణాళికలో ఉండాలి. ఇందుకు అవసరమైన తాత్కాలిక ప్రమాణాలు రూపొందించే బాధ్యతను అదే శాఖకు అప్పగించారు. నిబంధనలు పాటించిన భూమి యజమానులకు, సరఫరాదారులకు, గుత్తేదారులకు ఆస్‌బెస్టాస్‌కు సంబంధించిన సివిల్ దావాల నుండి రక్షణ కల్పించారు.

ఈ రక్షణ నిబంధనే చట్టంలో కీలకం, వివాదాస్పదం కూడా. అది లేకుంటే ఆంబ్లర్‌లో పార కదిలేది కాదు. అది ఉన్నందువల్ల, ముప్పై ఏళ్ల తరువాత ఎవరికైనా వ్యాధి సోకితే ఆ బాధితుడు ఎవరిని అడగాలన్నది తేలని ప్రశ్నగా మిగిలింది. పని చేసిన వారికి చట్టం ఇచ్చిన భరోసా వెంటనే అమలులోకి వస్తుంది. దుమ్ము పీల్చినవారి లెక్క తేలడానికి ఒక తరం పడుతుంది. ఇటువంటి చట్టం నిలిచేది స్థల ప్రణాళిక ఎంత నిక్కచ్చిగా అమలవుతుందన్న దానిపైనే. కాగితంపై ఉన్న నీటి ట్యాంకరు దుమ్మును అణచదు.

ఈ చర్చ ఒక్క గ్రామంతో ఆగలేదు. అదే ప్రాంతంలోని రాగి తదితర ఖనిజ నిక్షేపాలను చేరుకునేందుకు 211 మైళ్ల (సుమారు 340 కిలోమీటర్ల) ఆంబ్లర్ రోడ్డును రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ప్రతిపాదించింది. కంకరతో వేయదలచిన ఆ మార్గంలో సహజ ఆస్‌బెస్టాస్ ఉన్న చోట్లు కలవని పర్యావరణ అధ్యయనాలు గుర్తించాయి. ఫెడరల్ ప్రభుత్వం 2024లో ఈ రోడ్డుకు అనుమతి నిరాకరించగా, 2025 అక్టోబరులో అధ్యక్షుడు ట్రంప్ ఆ నిర్ణయాన్ని తిరగదోడి అనుమతికి మార్గం తెరిచారు. పల్లెలో మురుగు పైపు కోసం కొద్దిపాటి కంకర వాడడానికి, బరువైన ఖనిజ లారీలు నిత్యం నడిచే వందల కిలోమీటర్ల రోడ్డుకు అదే కంకర వాడడానికి ఎంతో వ్యత్యాసం ఉంది. మొదటిదాని కోసం చేసిన మినహాయింపు రెండవదానికి తగుతుందా అన్నది విడిగా ఆలోచించవలసిన విషయం.

కడప కొండలలో

తెలుగు ప్రాంతానికి ఈ విషయం పరాయిది కాదు. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో, బ్రాహ్మణపల్లె పరిసరాలలో మేలు రకం క్రైసోటైల్ లభిస్తుంది. ఇక్కడ నార ఏర్పడిన తీరు కాలిఫోర్నియాకు భిన్నం. వేంపల్లె శ్రేణికి చెందిన డోలమైటు సున్నపురాతి పొరలలోకి డోలరైటు శిలాద్రవం చొచ్చుకువచ్చినప్పుడు, ఆ రెండూ కలిసే అంచున డోలమైటు సర్పెంటైన్‌గా మారి, అందులో నార పొరలు ఏర్పడ్డాయి. అందువల్ల నార జిల్లా అంతటా పరచుకొని లేదు. ఆ అంచు వెంబడి సన్నని పట్టీలుగా మాత్రమే ఉంటుంది. ఈ వివేచన లేకుండా కడప రాయి అంతటినీ అనుమానించడం తగదు.

కేంద్ర ప్రభుత్వం 1986లో ఆస్‌బెస్టాస్ తవ్వకానికి కొత్త లీజుల మంజూరును, 1993లో పాత లీజుల పునరుద్ధరణను నిలిపివేసింది. లీజు ముగిసినంత మాత్రాన తవ్వి పోసిన రాతి దిబ్బలలోని నార మాయం కాదు. ఇటువంటి దిబ్బల నుండి గ్రామీణ రోడ్లకు, ఇళ్ల పునాదులకు రాయి, మట్టి తరలిపోకుండా చూడడం, ఆ అంచున కొత్త కంకర క్వారీకి అనుమతి కోరినప్పుడు ముందుగా భూగర్భ నిపుణుల పరిశీలన జరిపించడం చవకైన జాగ్రత్తలు. కాలిఫోర్నియా నియమావళిలో సగభాగం ఈ పనే చేస్తుంది.

సుప్రీంకోర్టు 1995 జనవరి 27న ఆస్‌బెస్టాస్ కార్మికుల విషయమై ఇచ్చిన తీర్పులో, ప్రతి కార్మికుని ఆరోగ్య రికార్డును ఉద్యోగంలో చేరిన నాటి నుండి కనీసం 40 ఏళ్లు గాని, పదవీ విరమణ తరువాత 15 ఏళ్లు గాని, ఏది ఆలస్యమైతే అంతవరకు భద్రపరచాలని ఆదేశించింది. వ్యాధి ఆలస్యంగా బయటపడుతుందన్న ఎరుకతో ఇచ్చిన ఆదేశమది. గనిలో, కర్మాగారంలో పనిచేసిన వానికి ఒక హాజరు పట్టీ ఉంటుంది కనుక ఆ రికార్డు సాధ్యం. కంకర రోడ్డు పక్కన నివసించే వారికి, దానిపై బడికి నడిచే పిల్లలకు అటువంటి పట్టీ ఏదీ ఉండదు. వారి తరఫున భద్రపరచగలిగినది ఒక్కటే: ఏ క్వారీ రాయి, ఏ ఏడాది, ఏ రోడ్డుకు వేశారన్న వివరం. అది ప్రజా పనుల కొలతల పుస్తకాలలో ఏదో ఒక రూపంలో నమోదవుతూనే ఉంటుంది. పని బిల్లు చెల్లించిన తరువాత ఆ పుస్తకాన్ని ఎంతకాలం ఉంచాలన్నది నిర్ణయించుకోవలసిన విషయం.